పొడి వేశాను కదా, మేడం గారూ!

(వేసవి పండ్ల నిల్వ శిక్షణ ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు నాకంటే ముందు మాట్లాడినవాళ్లిద్దరూ వరసగా చదివారు. నేను మూడోసారి చదివితే నాకిచ్చిన 20 నిమిషాల్లో అయిదు దానికే పోతాయి. పెద్దలు మన్నించాలి. నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన మహిళా మండలి సభ్యులకు, ఈ ఎండలో పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన అమ్మలకు మాత్రం పేరుపేరునా దండాలు.

నేను 31 ఏళ్లు హోమ్ సైన్స్ పాఠాలు చెప్పాను. జామ్, జెల్లీ, స్క్వాష్ ఇంట్లో ఎలా చేసుకోవాలో చెప్పమన్నారు. రాసుకునే వచ్చాను. అయితే గుమ్మం దగ్గర ఒక అమ్మాయి మీ కరపత్రం చేతిలో పెట్టింది. అది చదివాక, రాసుకొచ్చిన కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

కరపత్రం వెనక మీరు ఇంటినుంచి తెచ్చుకోవాల్సిన వస్తువులు వేశారు. మొదటిది సోడియం బెంజోయేట్, అంటే పండ్ల సరుకు చెడకుండా కలిపే పొడి, ఒక పొట్లం. రెండోది పొటాషియం మెటాబైసల్ఫైట్, అలాంటిదే ఇంకో పొడి, ఒక పొట్లం. తర్వాత గిన్నె, గరిటె, సీసాలు, తుడుచుకునే గుడ్డ. త్రాసు ఎక్కడా లేదు. నిర్వాహకుల మీద నాకు కోపం లేదమ్మా. ఈ పట్టిక ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఒకప్పుడు ఇలాంటివి సైక్లోస్టైల్ చేయించి ఊరూరా పంచినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ మాట నేనే చెప్పాలి.

1996 వేసవి. డ్వాక్రా గ్రూపులు ఊపందుకున్న రోజులు. గోదావరి గట్టున ఒక ఊళ్లో మూడు రోజుల శిక్షణకు మమ్మల్ని పంపారు. పంచాయతీ ఆఫీసు వరండాలో 40 మంది ఆడవాళ్లు, ఒకే ఒక్క కిరసనాయిలు స్టవ్వు. మూడో రోజు మామిడిపండు జామ్. కిలో గుజ్జు, ముప్పావు కిలో పంచదార, కాస్త సిట్రిక్ యాసిడ్. నేను కలుపుతున్నాను, అందరూ మెడలు సాచి చూస్తున్నారు. నాకు అయిదున్నరకు బస్సుంది. అది పోతే ఆ రాత్రికి మరో బస్సు లేదు. అయిదు దాటింది. గిన్నెలో గుజ్జు చిక్కగానే కనిపిస్తోంది. "ఇదిగో, ఇలా చిక్కపడగానే దించేయాలి" అని దించేశాను. సోడియం బెంజోయేట్ పొట్లం చూపించి "ఈ పొడి చిటికెడు వేస్తే ఏడాది దాకా ఢోకా ఉండదు" అని కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు. బస్సు అందింది.

ఆ 40 మందిలో ఒకావిడ నేను చెప్పినదంతా పొల్లుపోకుండా రాసుకుంది. గ్రూపులో రెండు వేలు అప్పు తీసుకుంది. ఈదురుగాలికి రాలిన పళ్లు చవగ్గా కొని 60 సీసాలు చేసింది. చేసి, బజారులో రెండు కొట్లకు వేసింది.

ఆగస్టులో ఓ రోజు మా కాలేజీకి వచ్చింది. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరే నిలబడి, చేతి సంచిలోంచి ఒక సీసా తీసి నా బల్ల మీద పెట్టింది. మూత మధ్యలో ఉబ్బి ఉంది. తిప్పగానే బుస్సుమని నురగ పొంగి నా పుస్తకాల మీద పడింది. గదంతా పులిసిన కల్లు వాసన. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. "పొడి వేశాను కదా, మేడం గారూ!" అంది. అంతే.

నేనేం చేశానో తెలుసా? "కొలత ప్రకారమే వేశావా అమ్మా?" అన్నాను. తప్పు ఆవిడ దగ్గర దొరుకుతుందేమోనని వెతికాను. కొలత ప్రకారమే వేసింది. సిట్రిక్ యాసిడ్ వేశావా అన్నాను. "అది పులుపు కోసం కదండీ, నా పళ్లు బాగా తియ్యగా ఉన్నాయి, తీపి చెడిపోతుందని వేయలేదు" అంది. ఎంతసేపు ఉడికించావు అన్నాను. "మీరు దించినట్టే, చిక్కపడగానే దించేశానండీ."

ఇప్పుడు చూడండి, ఇందులో ఆవిడ తప్పు ఎక్కడుందో మీరే చెప్పండి.

మామిడి గుజ్జు పొయ్యి మీద పెట్టకముందే చిక్కగా ఉంటుంది. చిక్కదనం చూసి జామ్ అయిందనుకోవడం పాలు తెల్లగా ఉన్నాయి కాబట్టి తోడుకున్నాయి అనుకోవడం లాంటిది. జామ్ చెడకుండా ఉండేది అందులో పంచదార పాళ్లు నూటికి 65, 68 దాకా వచ్చినప్పుడు. అంత తీపిలో నీళ్లను పంచదార పట్టి ఉంచుతుంది, బూజుకీ పులియబెట్టే ఈస్టుకీ తాగడానికి నీరు దొరకదు. ఆవిడ సీసాల్లో నీళ్లు మిగిలిపోయాయి. నా గిన్నెలోనూ మిగిలాయి, కాకపోతే ఆ జామ్ అప్పటికప్పుడు ఆకుల్లో పంచిపెట్టాం కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇక పొడి సంగతి. సోడియం బెంజోయేట్ పులుపులోనే పనిచేస్తుంది. పులుపుని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్టు. పీహెచ్ 4.5 దాటితే దాని పని దాదాపు అయిపోయినట్టే. బాగా మగ్గిన తియ్యటి మామిడి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అంటే సిట్రిక్ యాసిడ్ లేని ఆ జామ్‌లో పొడి వేసినా వేయనట్టే. ఈ ఒక్క వాక్యం నేను ఆ వరండాలో చెప్పి ఉంటే సరిపోయేది. తెలియక కాదు, చెప్పలేదు.

పొడి విషమని నేను అనడం లేదు. రేపు ఎవరైనా అలా ప్రచారం చేస్తే దయచేసి నా పేరు చెప్పకండి. చట్టం ఒప్పుకున్న పదార్థమే అది, ఒక హద్దు లోపల. 1955 నాటి ఫ్రూట్ ప్రొడక్ట్స్ ఆర్డర్‌లో, అంటే పండ్ల సరుకుల మీద అప్పట్లో ఉన్న ప్రభుత్వ ఉత్తర్వులో, జామ్‌కి పెట్టిన హద్దు కిలోకి 200 మిల్లీగ్రాముల బెంజోయిక్ యాసిడ్. ఈ పొడిలో పనిచేసేది అదే. 200 మిల్లీగ్రాములు మీరు ఏ చెంచాతో కొలుస్తారు? టీ చెంచాలో మూడు నాలుగు గ్రాములు పడుతుంది. చిటికెడు అంటాం, ఎవరి చిటికెడు? నా వేళ్లు వేరు, మీ వేళ్లు వేరు. నా బాధ ఇంకొకటి కూడా ఉంది. పొడి ఉందన్న ధైర్యంతో తడి సీసా తుడవం, పులుసు గరిటె పెట్టి తిప్పుతాం, బస్సు టైమైందని దించేస్తాం.

పొడి లేని రోజుల్లో లోకం ఏం చేసింది? ఫ్రాన్సులో నికొలా అపేర్ అని ఒక మిఠాయిలు చేసే ఆయన ఉండేవాడు. పళ్లూ కూరలూ సీసాల్లో పెట్టి, గట్టిగా బిరడా బిగించి, సీసాతో సహా నీళ్లలో మరగబెట్టాడు. 1810లో ఆ పద్ధతంతా పుస్తకంగా వేసినందుకు ప్రభుత్వం 12,000 ఫ్రాంకులిచ్చింది. ఎందుకు చెడట్లేదో ఆయనకీ తెలియదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ తేల్చింది దాదాపు 50 ఏళ్ల తర్వాత. శుభ్రమైన సీసా, చాలినంత వేడి, గాలి చొరని మూత, అంతే ఆయన దగ్గర ఉన్నది. మీ వంటింట్లో ఆ మూడూ లేవా?

సరే, నా 20 నిమిషాల్లో సగం పైనే అయిపోయినట్టుంది. జామ్ ఎప్పుడు దించాలో చెప్తాను, రాసుకోండి. ముందు ఖాళీ గిన్నె తూచండి. గరిటెతో సహా. ఆ అంకె గోడ మీద బొగ్గుతో రాసుకున్నా సరే, మర్చిపోకండి. కిలో గుజ్జు, ముప్పావు కిలో పంచదార కలిపితే 1,750 గ్రాములు. అది మరిగి మరిగి 1,300 గ్రాముల దగ్గరికి దిగాలి. అంటే దాదాపు 450 గ్రాముల నీరు ఆవిరైపోవాలి. తీపి పండు కాబట్టి ఈ లెక్క, పుల్లటి పండైతే ఇంకొంచెం దిగాలి. థర్మామీటర్ ఉంటే మన గోదావరి జిల్లాల్లో 105 డిగ్రీలు. అదీ లేకపోతే గరిటె ఎత్తి పక్కకు వంచండి. చుక్కచుక్కగా కారితే కాలేదు. రెండు చుక్కలు కలిసి రేకులా వేలాడి తెగి పడితే అయినట్టు.

ఇది మీకు కొత్తేం కాదమ్మా! అరిసెలకు పాకం పట్టేటప్పుడు మీ అత్తగారు పళ్లెంలో చల్లటి నీళ్లు పోసుకుని, పాకం చుక్క అందులో వేసి, వేళ్లతో ఉండ కట్టి చూసేది కదూ? బూందీ లడ్డూకి తీగ పాకం, అరిసెకి ఉండ పాకం. ఇంగ్లీషు పుస్తకం డిగ్రీల్లో చెప్పేది మన ముసలమ్మలు వేళ్ల మధ్య పట్టుకుని చెప్పారు. ఆ వేళ్లు మీకున్నాయి. వాటిని మీ ఇంట్లో వదిలేసి పొట్లం తెచ్చుకోమన్నాం మేము.

జామకాయ జెల్లీ గురించి రెండు ముక్కలే. దోరకాయలు వాడండి, మెత్తగా పండినవి కాదు. జెల్లీ గట్టిపడడానికి కావలసిన పెక్టిన్ దోరకాయల్లో దండిగా ఉంటుంది. ఉడికించిన రసం గుడ్డలో వేలాడదీసి దానంతటది దిగనివ్వండి. తొందరపడి పిండితే జెల్లీ మసకబారుతుంది. నాకూ ఒకప్పుడు పిండే అలవాటుండేది.

ఆవిడ దగ్గరికే మళ్ళీ వస్తాను. మిమ్మల్ని విసిగిస్తున్నానేమో, ఓర్చుకోండి. ఆ అప్పు నేను కడతానన్నాను. ఒప్పుకోలేదు. మరుసటి వేసవిలో కబురు పంపింది, "ఒకసారి మా ఇంటికి రండి" అని. భయపడుతూనే వెళ్లాను. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. పెరట్లో నాలుగు మంచాలు వేసి, వాటి మీద తాటాకు చాపలు పరిచి ఉన్నాయి. వాళ్లమ్మ పీట మీద కూర్చుని పళ్లు పిసికి, టెంకలు పక్కన పడేసి, గుజ్జు జల్లెడలో రుద్దుతోంది. పీచు పైన, రసం కింద. రసంలో బెల్లం కలిపి, అరచేత్తో చాప మీద పలచగా అలికినట్టు రాసింది ఈవిడ. పైన పాత పంచె గుడ్డ తెరలా కట్టింది, ఈగలు వాలకుండా.

నిన్నటి పొర ఎండిందో లేదో ఎలా చూసిందనుకున్నారు? అరచేత్తో కాదు, చేతి వెనక భాగంతో. చెయ్యి తిప్పి, వేళ్ల కణుపులు ఆ పొర మీద ఆనించి తీసింది. అంటుకోలేదు. "అంటుకుంటే కింద తడి ఉన్నట్టండి. దాని మీద ఇంకో పొర వేస్తే లోపల పులుస్తుంది" అంది. సీసాలో నురగ ఎందుకు పొంగిందో ఆవిడ నాకు చాప మీద చూపించింది. అలా పదిహేను, ఇరవై పొరలు. మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఇంటిల్లిపాదీ పరుగున వచ్చి మంచాలు వసారాలోకి లాగారు. నేనూ ఒక కోడు పట్టుకున్నాను. మంచం ఎత్తుతుంటే ఆ తాండ్ర వాసన, ఎండా బెల్లమూ మామిడీ కలిసిన వాసన, ఇప్పటికీ మబ్బు పడితే నాకు గుర్తొస్తుంది. ఆ ఏడే అప్పు తీరిపోయింది.

మీ కరపత్రంలో తాండ్ర ఎందుకు లేదమ్మా? ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ ఊళ్లోనే చాపల మీద తాండ్ర ఎండుతుంది. విజయనగరం జిల్లా భీమాలి పేరు చెబితే ముందు గుర్తొచ్చేది తాండ్రే. నీరు తీసేసి పండును నిలబెట్టడమే కదా జామ్ చేసినా తాండ్ర చేసినా? ఒకదానికి పొయ్యి, ఒకదానికి ఎండ. చాప మీద చేసింది శాస్త్రం కాదని ఎవరన్నారు? మీలో ఇంట్లో తాండ్ర పోసినవాళ్లు చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... ఆ కిటికీ పక్కనున్న పెద్దావిడా, మీరూ ఎత్తండి, సిగ్గెందుకు? మొత్తం తొమ్మిది మంది. ఈ వారంలో ఒక రోజు వీళ్లు పాఠం చెప్తారు, నేను ముందు వరసలో కూర్చుంటాను. అధ్యక్షురాలు గారు తల ఊపారు, అందరూ చూశారు కదా!

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పనివ్వండి. జామ్ మీద బూజు కనిపిస్తే పైపైన గీకి పిల్లలకు పెట్టకండి. సీసా మొత్తం పారబోయండి. కష్టపడి చేసింది కదా అని మనసు లాగుతుంది, నాకు తెలుసు.

నా టైం దాటిపోయింది. ప్రారంభం అంటే రిబ్బన్ కత్తిరించమని కత్తెర పళ్లెంలో పెట్టారు. అది పక్కన పెట్టండి బాబూ. ఎదురుగా కిరాణా కొట్టు ఉంది, మండలి పేరు చెప్పి గంటసేపటికి త్రాసు అడిగి తీసుకురండి. ఆ వెనక ఖాళీ గిన్నె ఇలా ఇవ్వండమ్మా, గరిటెతో సహా.