టీవీ సౌండ్ పెంచిన మనిషి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చెబుతూ కూర్చుంటే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది. అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కదా, వ్యక్తిత్వ రుగ్మతల గురించి, అంటే ఆలోచన, కోపతాపాలు, నడత ఏళ్ల తరబడి గాడి తప్పి ఉండే మానసిక సమస్యల గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాదు, జిల్లా కోర్టులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన లాయర్ని. చట్టంతో మొదలుపెడదామని రాసుకొచ్చాను. కానీ ముందు మా అక్క సంగతి చెప్పాలి. అక్కను అడిగే చెబుతున్నాను.

మా బావ అక్కను కొట్టేవాడు. పెళ్లయిన ఆరో ఏట డాక్టరుకి చూపిస్తే వ్యక్తిత్వ రుగ్మత అని రాసిచ్చారు. ఆ చీటీని అత్తగారు బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది. పంచాయితీ జరిగినప్పుడల్లా బయటికి తీసేది. "చూడండి, వాడికి జబ్బు. జబ్బు మనిషి మీద కేసులేంటి?" అనేది. పెద్దమనుషులు తలలూపేవాళ్లు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు, నువ్వే సర్దుకుపోవాలమ్మా" అని చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లు. ఆ కాఫీ కూడా అక్కే కలిపి ఇచ్చేది.

ఆ చీటీలో కింద ఇంకో లైను ఉంది. వారం వారం కౌన్సెలింగ్‌కి రావాలని. బావ రెండు వారాలు వెళ్లి మానేశాడు. జబ్బు పేరు ఊరందరి నోటికీ వచ్చింది. ఆ లైను మాత్రం ఎవరూ చదవలేదు.

ఇంకొకటి. చెయ్యెత్తే ముందు బావ లేచి వెళ్లి టీవీ సౌండ్ పెంచేవాడు. పక్కింటివాళ్లకు వినపడకూడదని. ఆఫీసులో పైఅధికారి ఎన్ని మాటలన్నా తలొంచుకుని వచ్చేవాడు. రిమోట్ కోసం వెతికే తీరిక ఉన్న మనిషికి తాను చేస్తున్నది తప్పని తెలియదా? మీరే చెప్పండి.

చట్టం అడిగేదీ అదే. 1860 నాటి ఐపీసీలో 84వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్. మతి స్థిమితం లేక, తానేం చేస్తున్నాడో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడికే మినహాయింపు. జబ్బు ఉన్నంత మాత్రాన చాలదు. ఆపుకోలేని ఉద్రేకం ఈ సెక్షన్ కిందికి రాదని సుప్రీంకోర్టు 2008లోనూ చెప్పింది.

బావ జబ్బు అబద్ధమని నేను అనడం లేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆయన్ని చింతబరికెతో బాదేవాడట. ఆ పిల్లాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ కోపం ఎక్కడ పుట్టిందో అర్థమవుతుంది. అయితే, అది అర్థం చేసుకునే బరువు అక్క ఒంటి మీదే ఎందుకు పడాలి?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ రుగ్మత ఉన్నవాళ్లందరూ కొట్టేవాళ్లు కాదు. తమనే తాము గాయపరచుకునేవాళ్లు ఎంతోమంది. అలాంటివాళ్ల కోసమే అమెరికాలో మార్షా లైనహాన్ అనే సైకాలజిస్టు డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే చికిత్స తయారుచేశారు. ఉద్రేకాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పే కౌన్సెలింగ్ అది. వయసులో ఉండగా తానూ ఆ బాధతో ఆసుపత్రిలో ఉన్నానని 2011లో బయటపెట్టారామె. ఆ చికిత్సలో ఒక నమ్మకం ఉంది: నీ కష్టాలన్నిటికీ కారణం నువ్వు కాకపోవచ్చు, కానీ వాటిని పరిష్కరించుకోవాల్సింది నువ్వే.

మా బంధువులమ్మాయి ఒకతె కోపంలో స్టీలు గ్లాసు విసిరింది. వాళ్లమ్మ నుదురు చిట్లింది. ఆ పిల్లే అమ్మను ఆటోలో తీసుకెళ్లి కుట్లు వేయించింది. "నా జబ్బు వల్ల" అనలేదు. "నేను కొట్టాను" అంది. మర్నాడు కౌన్సెలింగ్‌కి పేరు రాయించుకుంది. ఆ పిల్లకీ బావకీ డాక్టర్లు పెట్టిన పేరు ఇంచుమించు ఒకటే.

పెద్దలారా, రేపు మీరూ ఎక్కడో పంచాయితీకి కూర్చుంటారు. ఎవరైనా చీటీ చూపిస్తే పూర్తిగా చదవండి. చికిత్సకు వెళ్తున్నాడా అని అడగండి. ఆమె ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుంది అని అడగండి. మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. దెబ్బలు తింటున్న ఆడవాళ్లకు మహిళా హెల్ప్‌లైన్ 181. రాసుకోండి, నేను ఆగుతాను.

అక్క ఆ ఇంటి నుంచి పెళ్లయిన పంతొమ్మిదో ఏట బయటికొచ్చింది. ఇవాళ రమ్మన్నాను. మైకు మోత భరించలేనంది. ఇంట్లో టీవీ కూడా వినీ వినపడనట్టు పెట్టుకుంటుంది. ఎవరైనా సౌండ్ పెంచితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.