అటక మీద పెట్టినవి

(మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, భోగికి ముందు ఆదివారం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్ళు ముందు వరుసలో కూర్చున్నారు, చాలా సంతోషం. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం మీకోసం, సగం మీ పిల్లల కోసం.

అసోసియేషన్ వాళ్ళు నన్ను మినిమలిజం గురించి మాట్లాడమన్నారు. మా ఇంటికి వచ్చినవాళ్ళు హాలు చూసి, "ఇంత తక్కువ సామానుతో ఎలా ఉంటున్నారండీ" అని అడుగుతుంటారు. అందుకే నన్ను పిలిచి ఉంటారు. మినిమలిజం అనగానే మనకి ఫోన్లో చూసిన ఇళ్ళు గుర్తొస్తాయి. తెల్లటి గోడలు, ఒక చెక్క బల్ల, ఒక పూలకుండీ. ఆ ఇళ్ళలో ఊరగాయ జాడీ కనపడదు. సంక్రాంతికి పన్నెండు మంది చుట్టాలు దిగితే వేయడానికి పరుపులెక్కడున్నాయో కనపడదు. అలాంటి ఇల్లు ఎలా తయారుచేసుకోవాలో నాకు తెలియదు. మా అమ్మ ఇల్లు, మా అత్తయ్య (అంటే మా ఆయన వాళ్ళమ్మ) గది, వీటి గురించి మాత్రం చెప్పగలను.

మా అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి ఆవిడకి పెళ్ళయి రెండేళ్ళు. ఆ ఉప్పెనలో ఎన్ని వేల మంది పోయారో మీలో చాలామందికి తెలుసు. అమ్మానాన్నలు ఊళ్ళో ఒక డాబా మీదికెక్కి బతికారు. తెల్లారి చూస్తే ఇల్లున్న చోట ఇల్లు లేదు. కట్టుబట్టలతో మిగిలారు. శిబిరంలో గంజి పోయించుకోవడానికి ఎవరో అమ్మ చేతికి ఒక సత్తు గిన్నె ఇచ్చారు. ఆ తరవాత బందరు చేరి అక్కడే స్థిరపడ్డారు. నేను పుట్టింది బందర్లోనే.

అలాంటి మనిషి హార్లిక్స్ సీసా పారేస్తుందా? మా వంటింట్లో హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉండేది, బోర్న్‌విటా డబ్బాలో ఆవాలు ఉండేవి, పెరట్లో డాల్డా డబ్బాలో తులసి మొక్క పెరిగేది. గ్యాస్ కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూసిన రోజులవి. కిరసనాయిలుకి క్యూ, స్కూటరు కోసం ముందే డబ్బు కట్టి వెయిటింగ్ లిస్టు. అలాంటి రోజుల్లో సంసారం చేసినవాళ్ళు "ఎప్పటికైనా పనికొస్తుంది" అంటే అది అనుభవంతో అన్న మాట. ఆ మాటని పిసినారితనం కింద కొట్టిపారేసేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది.

పైగా ఆ రోజుల్లో వస్తువు ఇంట్లో ఊరికే పడి ఉండేది కాదు. నేతచీర కట్టీ కట్టీ మెత్తబడ్డాక పసిపిల్లకి ఉయ్యాల అయ్యేది. కొన్నాళ్ళకి రెండు మూడు చీరలు కలిపి బొంత కుట్టేవాళ్ళు. బొంత చిరిగాక మసిగుడ్డ, మసిగుడ్డ పీలికలయ్యాక నేల తుడిచే గుడ్డ. ఇప్పుడు మన బీరువాల్లో ఉన్న చీరల్లో చాలావాటికి ఆ యోగం లేదు. పాలియెస్టర్ నీళ్ళు పీల్చదు కాబట్టి మసిగుడ్డగా పనికిరాదు. దాంతో బొంత కుట్టి కప్పుకుంటే రాత్రంతా చెమటలు. కట్టినన్నాళ్ళే అది చీర, తరవాత దాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియదు. అలవాటేమో అమ్మల కాలానిది, సామానేమో మన కాలానిది. మన ఇళ్ళు నిండిపోవడానికి నాకు తోచిన పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను.

2018లో అమ్మకి శుక్లాల ఆపరేషన్ చేయించడానికి హైదరాబాదు తీసుకొచ్చాం. నాన్నని కూడా రమ్మంటే, ఇల్లు వదిలి రానన్నారు. అమ్మ మూడు వారాలు ఇక్కడుంటుంది కదా అని నేను బందరు వెళ్ళి, రెండు రోజుల్లో వంటిల్లంతా ఖాళీ చేశాను. సీసాలు, డబ్బాలు, పిడి ఊడిన మూకుడు, అడుగు పోయిన ఇడ్లీపాత్ర, అన్నీ పాత సామాన్లు కొనే అతన్ని పిలిచి తూకానికి ఇచ్చేశాను. అటక దులిపించాను. అరలకి కొత్త కాగితం పరిచాను. కిటికీ దగ్గర పేర్చిన డబ్బాలు తీసేసరికి ఎప్పుడూ రాని వెలుతురు పొయ్యి దాకా వచ్చింది. చాలా గర్వపడ్డాను.

అమ్మ వచ్చింది. అంతా చూసి "బాగుందే" అంది. బియ్యం డ్రమ్ము మూత తీసి, లోపలికి చెయ్యి పెట్టి, అటూ ఇటూ తడిమింది. "గిన్నె ఏదే?" అంది.

బియ్యం కొలుచుకునే సత్తు గిన్నె. ఒక పక్క సొట్ట, అంచు నల్లబడి, ఒకచోట చిన్న చీలిక. దాని బదులు గీతలున్న కొలత గ్లాసు కొత్తది కొనిపెట్టాను. పాతది తూకానికి వేశానని చెప్పాను. అది శిబిరంలో ఇచ్చిన గిన్నె అని నాన్న చెప్పేదాకా నాకు తెలియదు. నలభై ఏళ్ళపాటు మా అందరి అన్నం దాంతోనే కొలిచింది. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు పొద్దున్నే ఆ పాత సామాన్ల కొట్టుకి పరిగెత్తాను. అల్యూమినియం లోడు ముందురోజే వెళ్ళిపోయిందన్నారు. అమ్మ ఆ కొత్త గ్లాసు ముట్టుకోలేదు. చేత్తో తీసి పోసుకునేది. అప్పట్నించి అమ్మ వండిన అన్నం ఒకరోజు మిగిలిపోయేది, ఒకరోజు చాలేది కాదు.

ఇంట్లో పెద్దవాళ్ళు ఊరెళ్ళినప్పుడు వాళ్ళ గది సర్దిపెట్టి సర్‌ప్రైజ్ ఇద్దామనుకునే పిల్లలుంటే, దయచేసి ఆ పని చేయకండి. బతిమాలి చెప్తున్నాను.

నాన్న, ఆ తరవాత 2022లో అమ్మ వెళ్ళిపోయారు. అన్నయ్య డల్లాస్ నుంచి వచ్చాడు, పదిహేను రోజుల సెలవు మీద. పన్నెండో రోజు కార్యక్రమాలయ్యాక ఇల్లు ఖాళీ చేయడానికి మాకు మిగిలింది మూడు రోజులు. విమానంలో అన్నయ్యకి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. నలభై ఏడేళ్ళ కాపురంలోంచి 46 కిలోలు ఎంచుకోవాలి. అమ్మ పద్దుల పుస్తకాలు పెట్టుకున్నాడు. పోపులపెట్టె పెట్టుకున్నాడు. ఊరగాయ జాడీ ఎత్తి, కాటా మీద పెట్టి, ఆరు కిలోలుందని చూసి, మళ్ళీ గోడవారగా పెట్టేశాడు. పది నిమిషాల తరవాత వెళ్ళి ఇంకోసారి తూచాడు.

బీరువాలో రవికగుడ్డలు లెక్కపెడితే 163 తేలాయి. శ్రావణమాసం పేరంటాలవి, నోములవి, గృహప్రవేశాలవి. కొన్నిటి మూలల్లో పసుపు మరకలు కూడా అలాగే ఉన్నాయి. వీడియో కాల్లో వదిన చూస్తూ, "ఆ నీలంది నేను అత్తయ్యకి పెట్టిందే కదా! నాకు మీ పిన్ని పెట్టింది" అంది. అంటే ఆ ముక్కని ఎవరూ కుట్టించుకోలేదు. పెట్టకపోతే బాగోదని పెట్టారు, వద్దంటే బాగోదని తీసుకున్నారు.

ఇక పట్టుచీరలు. ఒక చీర మడత విప్పితే లోపల ఏడు 500 రూపాయల నోట్లు, పాతవి. 2016 నవంబరు 8న రద్దయినవి. మూడు వేల అయిదు వందలు. నోట్లు రద్దయ్యాయని అమ్మకి తెలుసు. ఎక్కడ దాచిందో గుర్తు రాక ఊరుకుని ఉంటుంది. నలభై చీరల్లో ఏ మడతలో ఉందో కళ్ళు సరిగ్గా కనపడని మనిషి ఎక్కడని వెతుకుతుంది? పాపం, ఆ డిసెంబరంతా ఎంత టెన్షన్ పడిందో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాగితాల సంగతి ఒక్క నిమిషం. పాత కరెంటు బిల్లులు, గ్యాస్ రసీదులు చింపేయొచ్చు. ఆధార్, మార్కుల మెమోల్లాంటివి ప్రభుత్వ యాప్ డిజిలాకర్లో పెట్టుకోవచ్చు, అది 2015 నుంచీ ఉంది. ఇంటి దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు ఓనర్ల దస్తావేజులు), ఎల్‌ఐసీ బాండు మాత్రం ఒరిజినల్ కాగితాలే జాగ్రత్త చేయాలి. అమ్మ బాండు మాకు పరుపు కింద పాత క్యాలెండర్ల మధ్య దొరికింది. ఆ కట్టని అంతకుముందు రోజే పాత పేపర్లలో పడేయబోయాం. సర్దడం మొదలుపెడితే ముందు కాగితాలతో మొదలుపెట్టండి. ఆ పని తీరికగా చేయండి.

బందరు నుంచి వచ్చాక మా ఇల్లు చూసుకున్నాను. అప్పుడు అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. 1,100 చదరపు అడుగులు, అద్దె 22,000. అంటే అడుగుకి ఇరవై రూపాయలు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు దివాన్ ఒకటి ఉండేది. దాన్నిండా ఎవరూ కప్పుకోని దుప్పట్లు. పద్దెనిమిది అడుగులు, నెలకి 360 రూపాయలు, ఏడాదికి 4,320. ఆ డబ్బుతో కొత్త దుప్పట్లే వస్తాయి. మా ఆయనకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాకే దివాన్ కదిలింది.

కానీ అత్తయ్య గదికి లెక్కలు పనిచేయవు. ఆవిడకి అప్పుడు 78 ఏళ్ళు. ఈసారి ఆవిడ లేకుండా ఒక్క వస్తువు కూడా ముట్టుకోలేదు. ఆవిడకి కుర్చీ వేశాను, నేను కింద కూర్చున్నాను. రోజుకి ఒక గంట, ఒకే అర. శుక్రవారం ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదన్నారు, సరేనన్నాను. దీపాలు పెట్టే వేళ వద్దన్నారు, సరేనన్నాను. మొదటి రోజు "ఇది కావాలా అత్తయ్యా?" అని అడిగాను. అన్నీ కావాలన్నారు. రెండో రోజు మాట మార్చి, "ఇది ఎక్కడిది అత్తయ్యా?" అన్నాను. అంతే, ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు.

ఒక చిన్న స్టీలు గిన్నె వచ్చింది. అడుగున చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: ఒక పేరు, 14-5-1981. వేలితో తడిమి చదివారు. అత్తయ్య ఆడపడుచు పెళ్ళికి ఎవరో చదివించిన గిన్నెట. ఆ సాయంత్రం సామాన్లు సర్దే హడావుడిలో ఒక గిన్నె పుట్టింట్లోనే ఉండిపోయిందట. "దాని మనవరాలికి ఇప్పుడు అన్నప్రాసన కదమ్మా, పంపించెయ్యి" అన్నారు. కొరియర్ చేశాం. వారం తరవాత ఆ గిన్నెలో పరమాన్నం ఉన్న ఫొటో వచ్చింది. అత్తయ్య దాన్ని ఫోన్లో పెద్దది చేయించుకుని, పాపని చూశాక గిన్నెని కూడా చూశారు. ఆ అర ఖాళీ అవడానికి తొమ్మిది రోజులు పట్టింది. నేనొక్కదాన్నే చేస్తే అరగంట పట్టేది.

దేవుడి పటాలు, క్యాలెండర్లు, వినాయకుడి బొమ్మ ఉన్న శుభలేఖలు, వీటి దగ్గర అందరి చేతులూ ఆగిపోతాయి. రావిచెట్టు మొదట్లో పెట్టి వస్తాం, అవి వానకి తడిసి బురదలో పడి ఉంటాయి. అత్తయ్య పద్ధతి నాకు నచ్చింది. అద్దం, ఫ్రేము విడదీసి, కాగితాన్ని పసుపు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి మొక్క మొదట్లో వేస్తారు. లామినేషన్ చేసినవి కరగవు. అందుకే మేమిప్పుడు లామినేటెడ్ పటాలు కొనడం మానేశాం.

బట్టలు ఇచ్చేటప్పుడు ఒక మాట. 2004 సునామీ తరవాత తమిళనాడు తీరంలో, సాయంగా వచ్చిన బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి, ఎవరికీ పనికిరాక. 1999లో గూంజ్ సంస్థ పెట్టిన అంశు గుప్తా బృందం ఆ బట్టల్ని ఏరి, పనికొచ్చేట్టు చేసింది. ఆయనకి 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ళు పల్లెల్లో బట్టల్ని బిచ్చంగా ఇవ్వరు. ఊరివాళ్ళు తమ ఊరి కోసం చేసుకున్న పనికి ప్రతిఫలంగా ఇస్తారు. మన ఇళ్ళలో పనిచేసే అమ్మాయికి గుండీలు ఊడిన చొక్కాలు, జిప్పు పోయిన ప్యాంట్లు కవర్లో కట్టి ఇచ్చేటప్పుడు ఇది గుర్తు తెచ్చుకుందాం. ఉతికి, కుట్టి, మడతపెట్టి, "నీకు కావాలా?" అని అడిగి ఇద్దాం. వద్దనే హక్కు ఆ అమ్మాయికీ ఉంది.

ఇంట్లోంచి తీసింది ఒక ఎత్తయితే, ఇంట్లోకి రాకుండా ఆపడం ఇంకో ఎత్తు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి రిటర్న్ గిఫ్టుల బదులు ఆత్రేయపురం పూతరేకులు పెట్టాం. కొందరికి నచ్చింది. ఇద్దరు ముగ్గురు మాత్రం "చేతికి ఏమీ పెట్టలేదు" అని బాధపడ్డారు, ఒకావిడ ఏడాదిపాటు సరిగ్గా మాట్లాడలేదు. తక్కువ సామానుతో బతకాలంటే ఈ నిష్ఠూరాలు కూడా పడాలి. పేరంటంలో వాయినం నేనిప్పటికీ కాదనను. పసుపు, కుంకుమ, పండు, తాంబూలం కళ్ళకద్దుకుని తీసుకుంటాను. రవికగుడ్డ పెడితే ఆ నెల్లోనే కుట్టించి తొడుక్కుంటాను, పెట్టినావిడకి కనపడేలా. మా ఇంట్లో పెట్టేటప్పుడు మాత్రం గుడ్డ మానేసి కొబ్బరికాయ పెడుతున్నాను.

ఇక భోగి. పాతవి మంటలో వేయడం మన ఆచారం. అప్పుడు వేసింది విరిగిన పీటలు, తాటాకులు, పిల్లలు తట్టిన పిడకల దండలు. పోయినేడు మన మంటలో ప్లాస్టిక్ కుర్చీ, టైరు, థర్మాకోల్ పడ్డాయి. ఆ నల్లటి పొగలోనే మన పిల్లలు చలి కాచుకున్నారు. ఈసారి కట్టెలు, పిడకలు మాత్రమే. పాత ఫోన్లు, చార్జర్లు, ఉబ్బిపోయిన బ్యాటరీలు మంట దగ్గరికి అసలు తీసుకురావద్దు, తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ కలపొద్దు. పాత ఫోన్లలాంటి ఎలక్ట్రానిక్ సామాన్లని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదార్లదని 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనలు చెప్తున్నాయి. వాచ్‌మన్ గది పక్కన డబ్బా పెడుతున్నాం, అందులో వేయండి, మేం పంపిస్తాం.

వాడుకోదగినవన్నీ శనివారం సాయంత్రం నాలుగింటికి సెల్లార్లోకి తీసుకురండి. రెండు పొడవాటి బల్లలు వేయిస్తున్నాం. ఎవరికి కావలసినవి వాళ్ళు తీసుకోవచ్చు, ముందుగా వాచ్‌మన్ కుటుంబం, పనివాళ్ళు చూసుకున్నాకే మనం. పెద్దవాళ్ళ వస్తువులు తెచ్చేవాళ్ళు వాళ్ళని కూడా లిఫ్టులో కిందికి తీసుకురండి. బల్లల పక్కన కుర్చీలు వేయిస్తున్నాం, టీ ఉంటుంది. ఏ వస్తువు ఎక్కడిదో ఆ కుర్చీలో కూర్చుని వాళ్ళే చెప్తారు. రాసిపెట్టడానికి నోట్‌బుక్ నేను తెస్తాను.