పాత విండోస్‌లో పెద్ద హార్డ్ డిస్క్: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: తెనాలి నుంచి కాల్ ఉంది. చెప్పండి.

కాలర్: నమస్తే సార్, వినపడుతోందా? మాది డీటీపీ సెంటరండీ, పెళ్లి కార్డులు, కరపత్రాలు కొడతాం, పేజ్‌మేకర్‌కి అలవాటుపడి విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఇంకా తీయలేదు, అందులో 500 జీబీ హార్డ్ డిస్క్, సీ 40, మిగతాదంతా డీ, ఏళ్లుగా బాగానే నడిచింది. మొన్న వైరస్ వచ్చిందని ఒకబ్బాయిని పిలిస్తే పాత సీడీతో విండోస్ మళ్లీ ఎక్కించాడు, డీ అసలు ముట్టుకోలేదన్నాడు, తర్వాత పని చేసుకుంటుంటే ఫోల్డర్ల పేర్లు పిచ్చిపిచ్చిగా మారిపోయాయి, ఇవాళ పొద్దున డీ ఓపెన్ చేస్తే ఫార్మాట్ చేయమని అడుగుతోంది. కొట్టేయమంటారా?

నిపుణుడు: వద్దు వద్దు, కొట్టొద్దు. ఇప్పుడు సిస్టమ్ ఆన్‌లో ఉందా?

కాలర్: ఉందండీ, కార్డు ఒకటి అర్జెంటుగా ఇవ్వాలని...

నిపుణుడు: ముందు ఆపేయండి. ఆ డిస్క్ మీద ఇంక ఒక్క అక్షరం కూడా రాయొద్దు. ఆ సీడీ 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌పీ అయ్యుంటుంది, సర్వీస్ ప్యాక్, అంటే మైక్రోసాఫ్ట్ తర్వాత ఇచ్చిన సవరణల మూట, ఏదీ లేనిది. దాంట్లో డిస్క్‌తో మాట్లాడే అటాపీ డ్రైవర్ అనే ప్రోగ్రాం, సెక్టార్ నంబరుకి, అంటే డిస్క్‌లో ఒక్కో చిన్న గడి నంబరుకి, 28 బిట్లే వాడుతుంది, అంటే 137 జీబీ వరకే లెక్క తెలుసు, విండోస్ 1024 లెక్కలో దాన్నే 128 అని చూపిస్తుంది. 2002లో సర్వీస్ ప్యాక్ 1తో 48 బిట్లు చేశారు. ఇన్నాళ్లూ మీ పాత విండోస్‌లో ఆ ప్యాక్ ఉంది కాబట్టి నడిచింది, మళ్లీ ఎక్కించేసరికి డ్రైవర్ వెనక్కి పోయింది.

కాలర్: మరి డీ ముట్టుకోలేదన్నాడు కదండీ?

నిపుణుడు: అతను ముట్టుకోకపోయినా డ్రైవర్ ముట్టుకుంటుంది కదా. స్కూటర్ మీటరు 99999 దాటాక సున్నాకి తిరిగినట్టు, 137 దాటిన చోట రాయమంటే ఆ నంబరు తిరిగి డిస్క్ మొదట్లో పడొచ్చు. మొదట్లో ఏముంటుంది? పార్టిషన్ టేబుల్, అంటే ఏ డ్రైవ్ ఎక్కడుందో రాసుకున్న పట్టిక, ఇంకా మీ సీ డ్రైవ్. అందుకే రాయొద్దంటున్నా.

కాలర్: అయితే సార్, డీని చిన్న చిన్న ముక్కలు చేసి, వందేసి జీబీలు పెట్టుకుంటే?

నిపుణుడు: ముక్క ఎంతుందని కాదండీ, డిస్క్‌లో ఎక్కడుందన్నదే ముఖ్యం. సీ 40కి మొదటి ముక్క వంద కలిపితేనే 140, అదే 137 గీత దాటిపోతుంది.

కాలర్: 80, 80 పెడితే?

నిపుణుడు: (కాస్త గట్టిగా) 80, 80 కలిపితే 160 కదా బాబూ! గీత దాటింది. ముక్కల సంగతి వదిలేయండి, ముందు డేటా. డిస్క్ ఊడదీసి యూఎస్‌బీ బాక్సులో పెట్టి, విండోస్ 7 గానీ 10 గానీ ఉన్న సిస్టమ్‌కి, అది పూర్తిగా ఆన్ అయ్యాక తగిలించండి, కనపడినవి వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. అక్కడా ఫార్మాట్ అడిగితే క్యాన్సిల్ కొట్టండి, డిస్క్ తప్పులు దిద్దే చెక్‌డిస్క్ అస్సలు నడపొద్దు, అది బాగుచేస్తున్నాననుకుని ఉన్నదీ చెరిపేయొచ్చు. ఏవీ కనపడకపోతే రికవరీ తెలిసినవాళ్లకి ఇవ్వండి, మీరు ప్రయోగాలు చేయొద్దు.

కాలర్: కస్టమర్ల ఫొటోలన్నీ దాంట్లోనే సార్, పదేళ్లవి...

నిపుణుడు: అర్థమైందండీ, కంగారు పడకండి. ఇప్పుడే ఆపేస్తే చాలావరకు దొరికే అవకాశం ఉంది. అంతా బయటికి తీశాక సర్వీస్ ప్యాక్ 3 కలిపిన సీడీతో ఎక్కించుకోండి, మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ప్యాక్ పేరు కనపడితేనే పెద్ద డిస్క్ పెట్టండి. బయోస్, అంటే సిస్టమ్ ఆన్ చేయగానే మదర్‌బోర్డులో మొదట నడిచే ప్రోగ్రాం, అది కూడా 48 బిట్లది అయ్యుండాలి. డిస్క్ సాటా, అంటే కొత్త రకం కనెక్షన్‌ది, అయినా బయోస్‌లో పాత పద్ధతి ఐడీఈ మోడ్‌లో ఉంటే ఇదే డ్రైవర్, ఇదే కథ.

కాలర్: అయితే ఇప్పుడు ఫార్మాట్...

నిపుణుడు: కొట్టొద్దండీ!

యాంకర్: థాంక్యూ అండీ. కరీంనగర్ నుంచి మేడమ్, తొందరగా చెప్పండి.

కాలర్: సార్, మా ఆఫీసులో ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 3 ఉంది, కొత్త 3 టీబీ డిస్క్ పెడితే 746 జీబీయే చూపిస్తోంది.

నిపుణుడు: అది వేరే గీతమ్మా. ఇక్కడ సెక్టార్ నంబరు 32 బిట్లు, 512 బైట్ల సెక్టార్లతో 2.2 టీబీ దాకానే వస్తుంది, దాటాక మిగిలిందే మీకు 746గా కనపడుతోంది. పెద్ద డిస్కులకి వాడే కొత్త రకం పార్టిషన్ టేబుల్, జీపీటీ, పెడదామంటే 32 బిట్ల ఎక్స్‌పీ దాన్ని చదవలేదు. దాంట్లో ఏమీ రాయకండి, వాపసిచ్చి 2 టీబీ తీసుకోండి.

కాలర్: ఆ 746 అయినా వాడుకోవచ్చా?

నిపుణుడు: వద్దమ్మా, డేటాతో ఆటలొద్దు.

యాంకర్: ఇంకో కాల్, విజయనగరం.

కాలర్: సార్, మాది విండోస్ 2000, సర్వీస్ ప్యాక్ 4 వేశాను, 250 జీబీ పెట్టుకోవచ్చా?

నిపుణుడు: ప్యాక్ ఒక్కటే చాలదు. 2000లో ప్యాక్ 3 నుంచి ఆ డ్రైవర్ ఉంది గానీ ఆన్ చేసి ఉండదు, విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో అటాపీ కింద పారామీటర్స్‌లో ఎనేబుల్‌బిగ్‌ఎల్‌బీఏ అని డీవర్డ్, అంటే సంఖ్య ఉంచే ఎంట్రీ, పెట్టి విలువ 1 ఇచ్చి రీస్టార్ట్ చేయండి. అది చేశాకే డిస్క్ తగిలించండి, ముందు కాదు. బ్యాకప్ ఉందా?

కాలర్: లేదండీ...

నిపుణుడు: అయితే రిజిస్ట్రీ జోలికి పోయే ముందు అది తీసుకోండి.

యాంకర్: టైమ్ అయిపోయింది సార్, థాంక్యూ. మిగతా కాలర్లు వచ్చే వారం ట్రై చేయండి.