అందరికీ ఉన్నా ఎవరూ పిలవని పేరు: వెంకట

అందరికీ నమస్కారం. ఒక పేరు గురించి మాట్లాడమన్నారు, ఏ పేరన్నది నాకే వదిలేశారు కాబట్టి నేను వెంకటని పట్టుకున్నాను. పీవీ నరసింహారావులో వి, సీవీ రామన్‌లో వి, వీవీఎస్ లక్ష్మణ్‌లో రెండో వి, మూడూ వెంకటే. గురజాడ అప్పారావు గారు అసలు వెంకట అప్పారావు, గిడుగు రామమూర్తి గారు వెంకట రామమూర్తి. వీళ్లలో ఒక్కరినైనా మనం వెంకట అని తలుచుకుంటామా? లేదు. తెలుగువాళ్లలో ఇంత విరివిగా ఉన్న పేరు మరొకటి చెప్పడం కష్టం, కానీ పిలిచేటప్పుడు మాత్రం దాన్ని దాటేసి పక్కనున్న పేరుతో పిలుస్తాం.

మొదట ఇది మనిషి పేరు కాదు, ఆ మాటకొస్తే దేవుడి పేరు కూడా కాదు, కొండ పేరు. ప్రాచీన తమిళ వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం పీఠికలో తమిళ దేశానికి ఉత్తరపు హద్దు వేంగడం, దక్షిణపు హద్దు కుమరి (కన్యాకుమారి) అని ఉంది. ఆ వేంగడమే మన తిరుమల కొండ. కొండకు ఈశ్వరుడు కనుక వేంకటేశ్వరుడు. పురాణాలేమో ‘వేం’ అంటే పాపాలు, ‘కట’ అంటే కాల్చేయడం అని అర్థం చెప్తాయి. భక్తికి అది బాగానే ఉంటుంది గానీ, నాకైతే కొండకు ముందే ఉన్న పేరుకు తర్వాత సంస్కృతంలో కుదిర్చిన అర్థంలా అనిపిస్తుంది. గ్రంథాల్లో వేంకట అని దీర్ఘం ఉంటుంది, మన నోట్లో పడి వెంకట అయింది.

కొండ పేరు జనంలోకి ఇంతగా రావడానికి విజయనగర కాలం చాలా సాయం చేసింది. అన్నమయ్య (1408–1503) పదాల్లో వేంకటేశుడి ముద్ర ఉంటుంది, పాడిన ప్రతివాడి నోటా ఆ పేరు పలకాల్సిందే. కృష్ణదేవరాయలు 1513 నుంచి మళ్లీ మళ్లీ కొండకొచ్చాడు, ఇద్దరు దేవేరులతో ఆయన విగ్రహాలు ఇప్పటికీ గుడిలో ఉన్నాయి. తర్వాత విజయనగరాన్ని చివరగా ఏలిన అరవీటి వంశంలో ఏకంగా రాజు పేరే వేంకటపతి అయింది. 1586 నుంచి 1614 దాకా ఏలిన ఆయన కొండ పక్కనున్న చంద్రగిరిని రాజధాని చేసుకున్నాడు, నాణేల మీద స్వామిని వేయించాడు. రాజు పెట్టుకున్న పేరు ప్రజలు పెట్టుకోకుండా ఉంటారా?

ఇక రూపాలు చూడండి. వెంకన్న, వెంకయ్య, వెంకమ్మ, వెంకాయమ్మ, వెంకటప్ప, వెంకటసుబ్బయ్య, వెంకటేశ్వర్లు. ఆ చివరి ‘లు’ బహువచనం కాదు, గౌరవం, రాములు ఆంజనేయులు లాగా. తరిగొండ వెంగమాంబ పేరు కూడా ఈ గుంపులోదే. మరాఠీవాళ్లు వ్యంకటేశ్ అంటారు. రమణ మహర్షికి ఇంట్లో పెట్టిన పేరు వేంకటరామన్, అరుణాచలం చేరాక మిగిలింది రమణ ఒక్కటే. అన్నవరంలో అయితే దేవుడే వీర వెంకట సత్యనారాయణ స్వామి, అందుకే గోదావరి జిల్లాల్లో ఆ నాలుగు ముక్కలూ వరసగా ఉన్న మనుషులు కోకొల్లలు. నాకు అన్నిటికంటే సరదా అనిపించేది తిరుపతి వెంకట కవులు: దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వెంకట శాస్త్రి. జంటగా అవధానాలు చేసి ఊళ్లకు ఊళ్లను ఊపేసిన ఇద్దరి పేర్లూ ఒక్క స్వామి చుట్టూనే తిరుగుతాయి!

మరి పిలవడానికి ఎందుకు పనికిరాకుండా పోయిందంటే, ఎక్కువైపోయి. పిల్లలు కలగాలనో, కలిగిన పిల్లాడు బతకాలనో కొండకు మొక్కుకుంటారు, మొక్కు ఫలిస్తే పేరులో వెంకట ఉండాలి, తాతగారి పేరూ ఉండాలి. తాతగారి పేరులోనూ ఓ వెంకట ఉంటుంది. ఒకే ఇంట్లో నలుగురు వెంకటలుంటే సుబ్బారావు, రమణ, లక్ష్మి అని రెండో ముక్కతో పిలవక ఏం చేస్తారు? అలా అలా అది ఇనీషియల్‌లోకి జారిపోయింది.

తమాషా ఏంటంటే దాన్ని మళ్లీ పిలుపులోకి తెచ్చింది అమెరికా కంప్యూటర్లు. పాస్‌పోర్ట్‌లో ఇచ్చిన పొడుగు పేరులో మొదటి మాటే ఫస్ట్ నేమ్ అనుకుంటాయవి. దాంతో పుట్టినప్పటి నుంచి ప్రసాద్‌గానో కిరణ్‌గానో పెరిగిన మనిషి ఆఫీసులో అడుగుపెట్టగానే వెంకట అయిపోతాడు, ఒకే టీంలో ముగ్గురు తేలితే మెయిల్ ఎవరికి వెళ్లిందో తెలియక మళ్లీ టెన్షన్. అక్కడే పుట్టిన పిల్లలకు తల్లిదండ్రులు ఈ గొడవంతా లేకుండా రెండక్షరాల పేరు పెట్టి, మొక్కు తీరాలి కదా అని వెంకటని మిడిల్ నేమ్‌లో ఉంచుతున్నారు. నన్నడిగితే అది మంచి ఏర్పాటే. ఇప్పుడు మీ ఇంటి వెంకటల సంగతి చెప్పండి, వింటాను.