రాట్నం ఆగినప్పుడు ఎవరిని ముందు దించాలి?

దృశ్యం: రాత్రి వేళ. హనుమకొండలోని ఒక ఎగ్జిబిషన్ మైదానం. దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. ఆకాశం మీద నల్లటి గీతలు గీసినట్టుగా జెయింట్ వీల్ నిశ్చలంగా నిలబడి ఉంది.

వ్యాఖ్యానం:

నేను ఆరో తరగతి చదువుతున్న రోజుల్లో మా చిన్నాయన నన్ను హనుమకొండలో పెట్టిన ఒక ఎగ్జిబిషన్‌కు తీసుకువెళ్లాడు. పన్నెండు తొట్లున్న జెయింట్ వీల్ ఎక్కి మూడో చుట్టు తిరుగుతుండగా మైదానంలోని దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. చక్రం కాస్త ముందుకూ వెనక్కూ ఊగి నిలిచిపోయింది. పద్మాక్షి గుట్ట వైపు ఇళ్లలో దీపాలు వెలుగుతూనే ఉండటంతో, పోయింది ఊరి కరెంటు కాదనీ, మైదానానికి కరెంటు ఇచ్చే జనరేటరే మొరాయించిందనీ చిన్నాయన చెప్పాడు. మా తొట్టి శిఖరం దాటి రెండు స్థానాలు కిందికి వచ్చి ఆగింది. నేల దగ్గరి నుంచి లెక్కపెడితే, దిగవలసిన వరుసలో మాది ఐదోది.

కొంతసేపటికి నలుగురు పనివాళ్లు చక్రం ఊచకు తాడు కట్టి, చేతులతో తిప్పడం మొదలుపెట్టారు. అట్టడుగున ఉన్న మొదటి తొట్టిలోని వాళ్లను దించారు. తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది దిగుతాయని అందరమూ అనుకున్నాం. వాళ్లు మాత్రం రెండో తొట్టిని వదిలేసి, మూడో దాన్నీ నాలుగో దాన్నీ దాటించి, మమ్మల్ని కూడా నేల కాలికి తగిలేంత దగ్గరగా తెచ్చి మళ్లీ పైకి ఎత్తి, మొదటి దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న ఏడో తొట్టిని ఖాళీ చేశారు. చిన్నాయనకు కోపం ఆగలేదు.

"అరే, కిందికి అచ్చినంక మల్ల మీదికి తోలుతరేంది? మమ్ముల దించుండ్రి!"

ఆపరేటర్ తల కూడా ఎత్తలేదు. "జర ఆగుండ్రి సార్, ఒక్క దిక్కే దించితే చక్రం నా చేతిల ఉండది" అన్నాడు.

ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. ఈ వీడియోలో నేను చెప్పబోయేది దాని గురించే.

దృశ్యం: కాజీపేట జంక్షన్ అవుటర్ సిగ్నల్ వద్ద ఆగి ఉన్న రైలు. నెమ్మదిగా అది రోలర్ కోస్టర్ బొమ్మగా మారుతుంది.

రైడ్‌లన్నీ ఒకే కారణంతో ఆగవు. ముందుగా రోలర్ కోస్టర్ సంగతి చూద్దాం. వరంగల్ పిల్లలు బడి విహారయాత్రల్లో హైదరాబాద్ పార్కులకు వెళ్లినప్పుడు ఎక్కేది ఇదే. కాజీపేట అవుటర్‌లో మన రైలు ఆగిపోయినప్పుడు, ముందున్న రైలు ఇంకా స్టేషన్ వదల్లేదని మనకు తెలుసు కాబట్టి విసుక్కుంటామే తప్ప భయపడం. రోలర్ కోస్టర్‌లోనూ ఆ రైల్వే పద్ధతే పనిచేస్తుంది. పట్టాలను కొన్ని బ్లాకులుగా విభజించి, ఒక బ్లాకులో ఒక్క బండి మాత్రమే ఉండేలా కంప్యూటర్ కాపలా కాస్తుంది. ముందు బండి తన బ్లాకును ఖాళీ చేసిందని సెన్సర్ స్పష్టంగా చెప్పకపోతే, వెనక బండిని మధ్యలోనే ఆపేస్తుంది. ఒక్కోసారి అక్కడ ఏ ప్రమాదమూ ఉండదు. సెన్సర్ తప్పుగా చదివి ఉంటుంది. అయినా సందేహం కలిగితే ఆపెయ్యమనే ఆ యంత్రానికి నేర్పారు.

ఇలాంటి బండ్లలో బ్రేకుల అమరిక మనం అనుకునేదానికి తలకిందులుగా ఉంటుంది. చాలా కోస్టర్లలో స్ప్రింగులు బ్రేకును నొక్కిపట్టి ఉంచుతాయి, గాలి పీడనం దాన్ని తెరుస్తుంది. కరెంటు పోయి పీడనం తగ్గితే బ్రేకు దానంతట అదే బిగుసుకుంటుంది. ఒడి మీద పడే అడ్డకడ్డీ తాళం కూడా సాధారణంగా ఇంతే: తెరవమని ఆదేశం అందితేనే తెరుచుకుంటుంది, కరెంటు పోయినంత మాత్రాన ఊడిరాదు. గొలుసు మీద బండి ఎత్తుకు ఎక్కేటప్పుడు టకటకమని వినిపించే చప్పుడు, బండి వెనక్కి జారకుండా ఇనుప పళ్ల మీద పడుతున్న కొక్కెం చేసేది. ఆ చప్పుడుకే చాలామంది గుండె జారిపోతుంది గాని, నిజానికి ధైర్యం చెప్పే చప్పుడు అదొక్కటే.

ఇంత జాగ్రత్తగా ఆగిన బండిని మనుషులు తొందరపడి కదిలిస్తే ఏమవుతుందో 2015 జూన్ 2న ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో తెలిసింది. అక్కడి స్మైలర్ అనే కోస్టర్‌లో ఒక ఖాళీ బండి పట్టాల మీద నిలిచిపోయింది. బ్లాకు పద్ధతి ప్రకారం యంత్రం వెనక బండిని ఆపింది. ముందున్న ఖాళీ బండిని గమనించని సిబ్బంది, యంత్రం పొరపాటున ఆగిందనుకొని, దాని నిర్ణయాన్ని పక్కకు నెట్టి పదహారు మందితో ఉన్న బండిని వదిలారు. ఆ ఢీలో ఇద్దరు యువతులు చెరొక కాలు కోల్పోయారు. మరుసటి ఏడాది కోర్టు నిర్వాహక సంస్థకు 50 లక్షల పౌండ్ల జరిమానా విధించింది.

దృశ్యం: పన్నెండు తొట్ల చక్రం బొమ్మ. ఒకవైపు తొట్లు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతుంటే చక్రం మెల్లగా ఒరిగి, హఠాత్తుగా గిర్రున తిరుగుతుంది.

జెయింట్ వీల్‌కు బ్లాకులు లేవు, కాపలా కాసే కంప్యూటర్ కూడా జాతరలకు వచ్చే చక్రాల్లో సాధారణంగా ఉండదు. ఐనవోలు మల్లన్న జాతరలోనో, మేడారంలోనో నాలుగు రోజుల కోసం నిలబెట్టే రాట్నం ఒక మోటారు, అంచు చుట్టూ తిరిగే తాడు లేదా అంచుకు ఒరుసుకునే టైరు, ఒక బ్రేకు, ఒక జనరేటర్ మీద నడుస్తుంది. అందుకే అది ఆగడాన్ని కోస్టర్ ఆగడంతో సమానంగా చూడకూడదని నా అభిప్రాయం. అక్కడ ఆపింది యంత్రం, ఇక్కడ ఆగిపోయింది యంత్రం. ఆ తర్వాత చక్రాన్ని అదుపులో పెట్టేది బరువుల సమతూకమొక్కటే.

కావడి మోసేవాణ్ని గుర్తు తెచ్చుకోండి. రెండు వైపులా కుండలు నిండుగా ఉన్నంతసేపు బద్ద భుజం మీద నిలుస్తుంది. ఒక వైపు కుండ తీసేస్తే రెండో వైపుది నేల మీద పడి పగులుతుంది. చక్రమూ అంతే. ఒక్కో తొట్టిలో 60 కిలోల మనుషులు నలుగురు కూర్చున్నారనుకుంటే ఆ తొట్టిలో 240 కిలోల బరువుంటుంది. వరుసగా ఐదు తొట్లను ఖాళీ చేసుకుంటూ పోతే, ఖాళీ తొట్లన్నీ పైకి పోయే వైపు చేరతాయి, నిండిన తొట్లన్నీ కిందికి వచ్చే వైపు మిగులుతాయి. తేడా 1,200 కిలోలకు చేరుతుంది. మోటారు పనిచేస్తున్నప్పుడు బ్రేకు ఆ తేడాను ఓర్చుకోవచ్చు గాని, తాడు పట్టుకున్న నలుగురు మనుషులు ఓర్చుకోలేరు. బరువున్న సగం అడుగుకు చేరేదాకా చక్రం దానంతట అది తిరుగుతుంది, సరిగ్గా ఆ క్షణంలో మెట్టు మీద కాలు పెడుతున్న మనిషి తొట్టికీ మెట్టుకూ మధ్య నలుగుతాడు. ఒకటి దించి ఏడు, నాలుగు దించి పది అన్నట్టుగా ఎదురెదురు తొట్లను ఖాళీ చేస్తే తేడా ఎప్పుడూ ఒక తొట్టి బరువును మించదు. మా ఆపరేటర్ చేసిన పని అదే. ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చదవకపోయినా, ఆయనకు చక్రం గురించి తెలియవలసింది తెలుసు.

ఎక్కించేటప్పుడు కూడా ఇదే సూత్రం. జాతరలో రాట్నం ఎక్కాలనుకుంటే ముందు కాసేపు నిలబడి, ఆపరేటర్ జనాన్ని ఎదురెదురు తొట్లలో నింపుతున్నాడా, వచ్చినవాళ్లను వచ్చినట్టు పక్కపక్కనే కుక్కుతున్నాడా అని గమనించండి. రెండోదైతే ఆ టికెట్ డబ్బులతో మిర్చి బజ్జీలు తినడం మేలు. చక్రం కాళ్ల కింద వేసిన చెక్క దిమ్మెలు సమంగా ఉన్నాయా, వాగు ఒడ్డు ఇసుకలోనో వాన తడిసిన నల్లరేగడిలోనో ఒకవైపు దిగబడ్డాయా, తొట్టి తలుపు గడియకు పిన్ను ఉందా అన్నవి కూడా టికెట్ కౌంటర్ దగ్గరి నుంచే కనిపిస్తాయి. ఇలాంటి రైడ్‌ల భద్రతకు మన దేశంలో ఐఎస్ 15475 అనే ప్రమాణం ఉంది గాని, జాతర మైదానంలో నిలబడి ఉన్న మీకు అక్కరకు వచ్చేవి మీ కళ్లే.

పెద్ద నగరాల చక్రాలు ఆగవని కాదు. 165 మీటర్ల ఎత్తున్న సింగపూర్ ఫ్లయర్ 2008 డిసెంబర్ 23న కంట్రోల్ గదిలో మంటలు రేగి ఆగిపోయింది. 173 మంది దాదాపు ఆరు గంటలు పైనే ఉండిపోయారు. అదనపు ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేసిన తర్వాతే, 2009 జనవరి చివర్లో దాన్ని మళ్లీ తిప్పారు.

దృశ్యం: తలకిందులుగా నిలిచిన రైడ్ బొమ్మ. కూర్చున్న మనిషి శరీరంలో రక్తం తల వైపు పారుతున్నట్టు ఎర్రటి గీతలు.

అన్నిటికంటె కష్టమైనది తలకిందులుగా ఆగడం. 2025 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్‌లో ఒక రైడ్ ఇలా నిలిచిపోయి, అందులోని వాళ్లు అరగంటకు కాస్త అటూ ఇటుగా తలకిందులుగానే ఉండిపోయిన దృశ్యాలను మనలో చాలామంది ఫోన్లలో చూశాం. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 2023 జూలైలో ఒక ఉత్సవంలో ఎనిమిది మంది మూడు గంటలకు పైగా అలా వేలాడారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. 2024 జూన్‌లో ఆరెగాన్‌లోని ఒక పార్కులో 28 మందికి ఇదే జరిగింది.

కరెంటు పోతే పైనున్నది కిందికి పడాలి కదా, పైనే ఎందుకు నిలుస్తుందని ఎవరికైనా సందేహం రావచ్చు. పొడవైన చెయ్యి ఉన్న రైడ్‌లలో మోటారు శ్రమ తగ్గించడానికి రెండో కొనకు ఎదురు బరువు పెడతారు. రెండు కొనల బరువు దాదాపు సమానమైనప్పుడు కిందికి లాగే శక్తి దేనికీ మిగలదు. పైగా కరెంటు పోగానే బిగుసుకునే బ్రేకు దాన్ని ఉన్నచోటే పట్టేస్తుంది. మోటారుకు మేలు చేసే సమతూకమే ఇక్కడ మనిషికి చిక్కు తెస్తుంది.

తలకిందులుగా ఉన్నప్పుడు రక్తం తలకు చేరి ముఖం ఉబ్బుతుంది, కంటి లోపలి ఒత్తిడి కొద్ది నిమిషాల్లోనే రెట్టింపు దాకా పెరగవచ్చు. ఆరోగ్యవంతులు కొంతసేపు తట్టుకుంటారు. అధిక రక్తపోటు, గుండె జబ్బు, కంట్లో నీటికాసులు ఉన్నవాళ్లకూ గర్భిణులకూ ఆ రైడ్‌లు వద్దని బోర్డు మీద రాసేది ఊరికే కాదు. శరీరం బరువంతా భుజాల కడ్డీ మీద పడుతుంది కాబట్టి, రెండు చేతులతో కడ్డీని పట్టుకొని, తొడలను సీటుకు అదిమి, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ ఉండాలి. జేబులోని ఫోన్ తీయాలని ప్రయత్నించకూడదు. అది జారితే కింద నిలబడ్డవాళ్ల నెత్తిన పడుతుంది.

దృశ్యం: కొండల మధ్య తీగ మీద ఆగిన రోప్‌వే డబ్బాలు.

రోప్‌వే వినోద పార్కు రైడ్ కాకపోయినా ఒక్క ఉదాహరణ చెప్పక తప్పదు. 2022 ఏప్రిల్ 10న జార్ఖండ్‌లోని దేవఘర్ దగ్గర త్రికూట పర్వతం రోప్‌వే చెడిపోయి, పదుల మంది డబ్బాల్లో చిక్కుకున్నారు. వాయుసేన హెలికాప్టర్లతో సాగిన రక్షణ చర్య 40 గంటలకు పైగా పట్టింది. చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు ఆగిన డబ్బాలో కూర్చొని చనిపోలేదు. హెలికాప్టర్‌లోకి చేర్చేటప్పుడు కింద పడి చనిపోయారు. అంత శిక్షణ ఉన్నవాళ్ల చేతుల్లోనే దించడం అంత ప్రమాదకరమైతే, తొట్టి తలుపు తీసి ఊచలు పట్టుకొని దిగుదామనుకునేవాళ్ల సంగతి చెప్పనక్కర లేదు.

కాబట్టి మీరు పైన ఉంటే కడ్డీ తీయకండి, తొట్టిలో లేచి నిలబడకండి, ఒక పక్కకు జరగకండి. కాళ్లు మొద్దుబారకుండా మడమలు ఆడిస్తూ ఉండండి. మన దగ్గర ఏప్రిల్, మే ఎండకు ఇనుప సీటు పెనంలా కాలుతుంది; చున్నీయో తువ్వాలో తొడల కింద పరచి, మరొకటి పిల్లల తల మీద కప్పండి. పెద్దవాళ్లు ఏడిస్తే పిల్లలు మరింత బెదురుతారు. మీరు కింద ఉంటే 112కు గాని, అగ్నిమాపక శాఖ 101కి గాని ఫోన్ చేసి, ఎంతమంది ఎంత ఎత్తులో ఉన్నారో, నిటారుగా ఉన్నారో తలకిందులుగా ఉన్నారో చెప్పండి. ఎవరికైనా స్పృహ తప్పితే 108 కూడా అవసరమవుతుంది. ఆపరేటర్ చుట్టూ మూగి మా వాళ్లను ముందు దించమని అరవడం మాత్రం, మా చిన్నాయన చేసినట్టు, ఎవరికీ పనికిరాదు.

దృశ్యం: మళ్లీ హనుమకొండ మైదానం. కిరోసిన్ లాంతరు వెలుగులో తాడు పట్టుకున్న చేతులు.

ఆ రాత్రి మేము తొమ్మిదో వరుసలో దిగాం. దిగగానే చిన్నాయన ఆపరేటర్‌తో గొడవ పెట్టుకుంటాడనే అనుకున్నాను. ఆయన మాట్లాడకుండా చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. మాకు ఎదురుగా ఉన్న పదకొండో తొట్టి మా తర్వాత నేలకు వచ్చింది. అందులోంచి ఒక ముసలావిడను ఇద్దరు చేతులు పట్టి దించారు. అప్పుడు చిన్నాయన నా చేతిలో చెప్పులు పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, తాడు పట్టుకున్నవాళ్ల వెనకాల ఐదోవాడుగా నిలబడ్డాడు. మిగిలినవి రెండే తొట్లు, మూడోదీ తొమ్మిదోదీ. అవి ఎదురెదురుగా ఉన్నాయి.