డేటాబేస్ సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైళ్లకు తగిన చోటు

సభకు నమస్కారం.

కాన్ఫిగరేషన్ ఫైళ్లను డేటా డైరెక్టరీలోనే ఉంచాలా, లినక్స్‌లో తక్కిన సర్వీసుల సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీలో ఉంచాలా అన్న ప్రశ్నకు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌ను ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే అందులో రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. దాని ఇనిట్‌డీబీ కమాండు కొత్త క్లస్టర్‌ను, అంటే ఒకే సర్వర్ నడిపే డేటాబేసుల సముదాయాన్ని, సృష్టించేటప్పుడు ప్రధాన కాన్ఫిగరేషన్ ఫైలునూ, ఎవరు ఎక్కడి నుంచి కనెక్ట్ కావచ్చో నిర్ణయించే హెచ్‌బీఏ ఫైలునూ డేటాతోపాటే పెడుతుంది. వాటిని వేరే చోట ఉంచేందుకు వీలు కల్పించే పారామీటర్లు 2005లో విడుదలైన 8.0 వెర్షన్‌లో వచ్చాయి. లినక్స్ పంపిణీల్లో డెబియన్ ఈ ఫైళ్లను ఈటీసీలో వెర్షన్‌కూ క్లస్టర్‌కూ వేర్వేరు డైరెక్టరీలుగా అమరుస్తుంది. రెడ్ హ్యాట్ డేటా డైరెక్టరీలోనే ఉంచుతుంది.

ఫైలును ఎవరు రాస్తారన్నదాన్ని బట్టి దాని చోటు నిర్ణయించాలని నా అభిప్రాయం. షేర్డ్ బఫర్లకు, అంటే సర్వర్ డేటాను తాత్కాలికంగా ఉంచుకునే ఉమ్మడి మెమరీకి, ఎంత మెమరీ ఇవ్వాలన్నది మనిషి ఆ యంత్రాన్ని చూసి రాసే మాట. డేటాతోపాటు అది చిన్న యంత్రానికి చేరితే సర్వర్ అసలు స్టార్ట్ కాకపోవచ్చు. పైగా డేటా డైరెక్టరీని సర్వర్ యూజర్ తప్ప ఇతరులు సాధారణంగా చదవలేరు కనుక, మార్పుల చరిత్రను దాచే వెర్షన్ కంట్రోల్‌లో ఈ ఫైళ్లను ఉంచదలచిన అడ్మినిస్ట్రేటర్‌కు ఈటీసీయే అనుకూలం. సెట్టింగులను డేటాబేస్ లోపలి నుంచే మార్చే ఆల్టర్ సిస్టమ్ కమాండుతో సర్వర్ తానే రాసుకునే ఆటో ఫైలు మాత్రం 9.4 వెర్షన్ నుంచి డేటా డైరెక్టరీలోనే ఉంటుంది. అది చివర చదవబడుతుంది కాబట్టి ఈటీసీలో మనం రాసిన విలువను తోసిపుచ్చుతుంది. ఎంత మార్చినా సెట్టింగు మారడం లేదని తల పట్టుకునేవారు ముందు చూడవలసింది అక్కడే.

అయితే ఈ విభజన ఉచితంగా రాదు. పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ సాధనమైన పీజీ బేస్‌బ్యాకప్ డేటా డైరెక్టరీనీ, డేటాను వేరే చోట ఉంచే టేబుల్‌స్పేస్‌లనూ కాపీ చేస్తుందే తప్ప ఈటీసీ జోలికి పోదు, కాబట్టి ఆ ఫైళ్లకు వేరే బ్యాకప్ ఏర్పాటు తప్పనిసరి. ప్రధాన సర్వర్ డేటాకు నకలు ఉంచే స్టాండ్‌బై సర్వర్‌లో గరిష్ఠ కనెక్షన్ల సంఖ్య ప్రైమరీలో, అంటే ఆ ప్రధాన సర్వర్‌లో, ఉన్నదానికంటే తక్కువ కాకూడదన్న నియమమూ ఉంది. అంటే యంత్రానికి చెందినవని మనం అనుకునే సెట్టింగుల్లో కొన్ని రెండు యంత్రాల్లోనూ కలిసి నడవాలి. అటువంటివాటిని విడిగా ఒక ఫైలులో రాసి, ఒక డైరెక్టరీలోని ఫైళ్లను కాన్ఫిగరేషన్‌లో కలిపే ఇంక్లూడ్ డైరెక్టరీ ద్వారా రెండుచోట్లా చేర్చడం మేలు. అన్ని మార్పులూ ఈటీసీ నుంచే జరగాలనుకునే సంస్థలు 17వ వెర్షన్‌లో వచ్చిన పారామీటర్‌తో ఆల్టర్ సిస్టమ్‌ను ఆపివేయవచ్చు. కాని అప్పటికే ఆటో ఫైలులో ఉన్న విలువలు అమలులోనే ఉంటాయి గనుక, ఆపే ముందే వాటిని రీసెట్ చేయాలి.