గోదావరి సంచికకి విషయసూచిక: ఈ టెంప్లేట్ ప్యాక్ పనికొస్తుందా?

నమస్తే అండి. స్క్రీన్ మీద కనిపిస్తున్న ఈ ట్రావెల్ మ్యాగజైన్ టెంప్లేట్ ప్యాక్ నాకు ఫ్రీగా వచ్చింది, ముందే చెప్పేస్తున్నా. ఎన్ని లేఅవుట్లు, ఏ సైజులు అన్నవి మీరు చూసే ఉంటారు. నేను మాట్లాడేది ఒక్క విషయసూచిక పేజీ గురించే. 2027 గోదావరి పుష్కరాల కోసం ఒక ప్రత్యేక సంచిక చేస్తున్నాను, దాన్నే ఇందులో పెట్టి చూశాను.

నచ్చింది ముందు చెప్తా. ఎడమ పక్కన పైనుంచి కిందిదాకా ఒక సన్నటి గీత ఇచ్చారు. దాన్ని నదిగా మార్చేశాను. పైన త్ర్యంబకేశ్వర్, తర్వాత బాసర, కాళేశ్వరం, భద్రాచలం, పాపికొండలు, ధవళేశ్వరం, చివర అంతర్వేది. నీళ్లు పారే వరసలోనే కథనాలు! పేజీ తిప్పగానే సంచిక దేని గురించో తెలిసిపోవాలి. అందుకే పేజీల వరస వేసేటప్పుడే ఇది తేల్చుకోవాలి, ఆఖర్న కూర్చుని సూచిక అలంకరిస్తే రాదు.

ఇక చిరాకు. ఇందులో పేజీ నంబర్లన్నీ విడివిడి బాక్సుల్లో చేత్తో కొట్టినవి. ప్రెస్‌కి వెళ్లే ముందు రోజు రెండు పేజీల యాడ్ వచ్చిందనుకోండి, భద్రాచలం నుంచి కింద ఉన్న నంబర్లన్నీ తప్పే. పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, అను ఫాంట్ల కాలంలో ప్రూఫ్ కాగితం మీద టిక్కులు పెడుతూ సరిచూసేవాళ్లం. ఇప్పుడా అవసరం ఏముంది? పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో శీర్షికల పారాగ్రాఫ్ స్టైల్ (ఫాంటు, సైజు లాంటివి ఒక పేరుతో దాచుకునే సెట్టింగ్) చూపిస్తే సూచిక అదే తయారు చేస్తుంది. నంబరు శీర్షిక ముందు రావాలని ఆప్షన్ పెట్టుకోవచ్చు. లైను మొదట్లోని అంకెలకి ఒక గ్రెప్ స్టైల్ (ఫలానా రకం అక్షరాల్ని వెతికి వాటికే రూపు మార్చే సెట్టింగ్) ఇస్తే అవి పెద్దగా, రంగులో వచ్చేస్తాయి. పేజీలు మారాక అప్‌డేట్ నొక్కాలి, అంతే. చేత్తో దిద్దిన రంగులు అప్‌డేట్‌లో ఎగిరిపోతాయి, స్టైల్‌లో పెట్టినవి పోవు. నాకు ప్రాణం లాంటి ఫీచర్ ఇది. డబ్బులు తీసుకుని అమ్మే టెంప్లేట్‌లో ఇది లేకపోవడం ఏంటండీ!

తెలుగుకి ఇంకో బాధ ఉంది. స్టైల్స్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ (తెలుగు లాంటి లిపుల్ని సరిగ్గా కూర్చే సెట్టింగ్) పెట్టలేదు, దాంతో ఒత్తులు విడిపోయాయి. అది మార్చుకోవచ్చు. కానీ లీడింగ్ (లైనుకీ లైనుకీ మధ్య దూరం) ఆటోలో ఉంది, అంటే అక్షరం సైజుకి 120 శాతం. ఇంగ్లిష్‌కి హాయిగా సరిపోతుంది. మనకి పైన గుడి, కింద ఒత్తు. రామభద్ర ఫాంట్‌లో శీర్షికలు పెడితే 'ధవళేశ్వరం' ఒత్తు కింది లైనుకి తగులుతోంది. లీడింగ్ పెంచితే బాక్సు చాలక అంతర్వేది బయటికి పోయింది. నది సముద్రంలో కలిసే ఊరే పేజీలో లేదు!

ఇంగ్లిష్ మ్యాగజైన్ చేసేవాళ్లు, నంబర్లు చేత్తో మార్చుకునే ఓపిక ఉంటే, తీసుకోండి. తెలుగువాళ్లకి నేను చెప్పను. ఆ గీత ఆలోచన ఒక్కటే ఉంచుకుని ఖాళీ ఎ4 పేజీ మీద నా సూచిక మళ్లీ మొదలుపెట్టాను. గ్రెప్ స్టైల్ సెట్టింగ్ ఇప్పుడు స్క్రీన్ మీద చూపిస్తున్నా, పాజ్ చేసి రాసుకోండి.